టూరిజం చదివితే గైడ్ అవ్వాల్సిందేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఎకనామిక్స్ చివరి ఏడాదిలో ఉంది. టూరిజం వల్ల వెనకబడిన ప్రాంతాలు ఎలా పైకొస్తాయో పీజీలో చదువుతానంటోంది. టూరిజం మేనేజ్‌మెంట్ మేలా, రీజనల్ ఎకనామిక్స్ మేలా? కోవిడ్‌లో ఈ రంగం కుప్పకూలింది. చివరికి గైడ్‌గా మిగిలిపోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: అడిగింది కోర్సుల గురించే అయినా, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ చివరి మాట. ముందు దాని సంగతి చూద్దాం.

మీ భయం ఊరికే పుట్టింది కాదు. 2019లో ప్రపంచమంతటా విదేశీ పర్యాటకుల రాకలు సుమారు 146 కోట్లు. 2020లో అవి 70 శాతానికి పైగా పడిపోయాయి. 2024 నాటికి మళ్లీ దాదాపు పాత స్థాయికి వచ్చేశాయి. ఆ మధ్యలో బాగా నలిగిపోయింది హోటళ్లలో, ట్రావెల్స్‌లో పనిచేసేవాళ్లు. మీ అమ్మాయి చేస్తానంటున్న పని వేరు. ఒక ప్రాంతం టూరిజం మీద ఎంతగా ఆధారపడింది, అది ఆగితే ఏ ఇళ్లలో రాబడి ఆగుతుంది అని లెక్కగట్టాలి. కష్టకాలంలోనే ఆ లెక్క ఎక్కువ అవసరం.

టూరిజం మేనేజ్‌మెంట్ మీద నాకున్న అనుమానాలు దాచను. చాలా చోట్ల బ్రోషర్ నిండా బీచ్‌లు, విమానాలు; సిలబస్ తెరిస్తే టికెటింగ్, ఫ్రంట్ ఆఫీస్, ఈవెంట్లు. హోటల్ నడపాలనుకునే పిల్లలకు అది మంచి చదువే. మీ అమ్మాయిని పట్టుకున్న ప్రశ్న మాత్రం, వచ్చినవాళ్లు పెట్టే ఖర్చులో ఆ ప్రాంతంలో నిలిచేదెంత అని. ఒక్క రాత్రి గది అద్దె తీసుకోండి. హోటల్ బయటి కంపెనీదైతే లాభం అటే పోతుంది. బుకింగ్ యాప్ తన కమీషన్ కోసుకుంటుంది. కూరగాయలు, దుప్పట్లు ఎక్కడినుంచో లారీలో దిగితే ఆ డబ్బూ పోయినట్టే. మిగిలేది గదులు ఊడ్చేవాళ్ల జీతం, అదీ సీజన్ ఉన్నన్నాళ్లే. అవే కూరగాయలు పక్కనున్న రైతు దగ్గర కొంటే, అతను ఆ డబ్బులో కొంతైనా అక్కడే ఖర్చుపెడతాడు. వచ్చినవాళ్ల తలలు లెక్కపెడితే ఇదేదీ తెలియదు.

టూరిజంతో ఒక ప్రాంతాన్ని పైకి తేవడం హోటళ్లు నడిపేవాళ్ల పని ఒక్కటే కాదు. మెక్సికోలో కాంకున్‌ను రిసార్ట్ నగరంగా ఎంచింది ఆ దేశపు కేంద్ర బ్యాంకు అధికారులు. 1970లో పని మొదలైంది. స్పెయిన్‌లోని బిల్బావో నగరం టూరిజంతో ఎలా పైకొచ్చిందంటే అందరూ 1997లో తెరిచిన గుగెన్‌హైమ్ మ్యూజియం పేరే చెబుతారు. అంతకుముందే అక్కడ నదిని శుభ్రం చేయడం మొదలుపెట్టారు, 1995లో మెట్రో నడిపారు. ఆ పనులు వదిలేసి మ్యూజియం ఒక్కటే కడితే అదే ఫలితం వస్తుందని నేను నమ్మను.

అందుకే రీజనల్ ఎకనామిక్స్ వైపే నా మొగ్గు. ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టికలు (ఏ రంగం ఏ రంగం దగ్గర ఎంత కొంటుందో చూపేవి), టూరిజం శాటిలైట్ అకౌంట్ (ఆర్థిక లెక్కల్లో టూరిజం వాటాను విడిగా చూపే ఖాతా), సర్వే పద్ధతులు సిలబస్‌లో ఉన్నాయో లేదో చూడండి. మొదటి ఉద్యోగం సర్వే డేటా సరిచూసే చిన్నదే కావచ్చు, కంగారు పడకండి. ప్రణాళికా విభాగాలు, పర్యాటక సంస్థలు, కన్సల్టెన్సీలు, అభివృద్ధి బ్యాంకులు, ఇవన్నీ ఆ దారిలో ఉన్నవే. రేపు టూరిజం మీద మనసు మారినా ఎకనామిక్స్ చేతిలోనే ఉంటుంది.

ఒక మాట కటువుగానే చెప్పాలి. ఈ ఆసక్తి ఎలా పుట్టిందమ్మా అని మీరు అమ్మాయిని అడిగినట్టు మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. పైగా గైడ్‌గా 'మిగిలిపోవడం' అంటున్నారు. ఆ మాట ఆమె ముందు అనకండి. రేపు సర్వేకి వెళ్తే ఆమె మొదట కూర్చుని వివరాలు అడగాల్సింది ఆ గైడ్‌నే. అప్లికేషన్లు పెట్టే ముందు ఏదో ఒక చోటు ఎంచుకుని, ఒక్క రాత్రి గది అద్దె ఎవరెవరి చేతికి వెళ్తుందో రాసుకు రమ్మనండి. ఆ కాగితం పక్కన కూర్చుని, మధ్యలో అడ్డుపడకుండా వినండి. సీటు ఎక్కడ, ఫీజు ఎంత అన్నవి ఆ తర్వాత మాట్లాడుకుందాం.