కచ్ వెళ్తున్నావట కదా

స్రవంతీ,

నాటిలాయిడ్ల కోసం, అదే, చుట్ట తిరిగిన పెంకున్న పాత సముద్ర జీవుల శిలాజాల కోసం, కచ్ వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఇంట్లో రాళ్ల పిచ్చి నాతోనే ఆఖరనుకున్నాను, కాదన్నమాట. సంబరంగానూ ఉంది, టెన్షన్‌గానూ ఉంది. సుత్తి, లెన్సు, నీళ్లు ఎలాగూ పట్టుకెళ్తావు. ఎండాకాలం మాత్రం వద్దు. అభయారణ్యం హద్దుల్లో అనుమతి లేకుండా రాయి ముట్టుకోకు.

నీకు ముందు దొరికేవి చూడ్డానికి అలాగే ఉండే వాటి బంధువులు, అమ్మొనైట్లే, చూసి గంతులేయకు. పెంకు ఊడిన చోట లోపలి గదుల మధ్య గోడల గీతలు చూడు. అంచులు చిరిగినట్టు మెలికలు పోతే అమ్మొనైటు, సాదాగా వంగితే నాటిలాయిడు. అనుమానముంటే విరిగిన ముఖం చూడు: అమ్మొనైటులో గదులగుండా పోయే సన్నటి గొట్టం బయటి అంచుకు ఆనుకుని ఉంటుంది, నాటిలాయిడులో అంచుకు దూరంగా, గోడకు లోపలివైపు కనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. నా క్లాస్‌మేట్ ఒకడికి కచ్‌లోనే జుమారా ఊరి దగ్గర వాగులో అరచేతిలో పట్టనంత పారాసెనోసెరాస్ అనే నాటిలాయిడు దొరికింది. ఎక్కడిదిరా అంటే 'ఇక్కడిదే' అని సంచిలో వేసేశాడు. ఇక్కడిదే అంటే? వాగులో రాయి పైనున్న ఏ పొర నుంచైనా దొర్లి ఉండొచ్చు కదా! సాయంత్రానికి నాలుగు చోట్లవి ఒకే సంచిలో కలిసిపోయాయి, చీటీలు లేవు, వాడికి గుర్తూ లేదు. ఏ పొరదో తెలియకపోతే దాని వయసూ తెలియదు. మా గైడు దాన్ని తిప్పితిప్పి చూసి 'బాగుంది, కాగితాలు ఎగరకుండా పెట్టుకో' అన్నారు. వాడి మొహం చూడలేకపోయాం. గసగసాల్లాంటి, ఇనుము కలిసిన గింజలు నిండిన ధోసా ఊలైట్ అనే రాతిపొరలో అయితే పొరలోంచే తీసినా తిప్పలే. 16 కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం అడుగున మట్టి బాగా నెమ్మదిగా పేరుకోవడంతో, వేరువేరు కాలాలవి ఒకేచోట చేరాయి. కాబట్టి ముందు ఫొటో, పొర గుర్తు, నోట్‌బుక్కులో నంబరు, అదే నంబరు రాయి మీద కూడా. ఆ తర్వాతే సంచి. అక్కడి పొరల వయసు తేల్చేది ప్రధానంగా అమ్మొనైట్లే, పక్కనే అదే పొరలో ఇరుక్కున్న ముక్క ఎంత చిన్నదైనా వదలకు.

నిన్ను తిట్టడం లేదమ్మా, నీకు నాలాగే తొందరెక్కువ.

ఇంకోటి, ఏ రాయినీ చేత్తో ఎత్తకు, సుత్తితో దొర్లించి చూడు. చిన్న పింజరి పాములు అలాంటి రాళ్ల కిందే ఉంటాయి. కాటేస్తే కట్లూ కోతలూ వద్దు, కాలు కదపకుండా నేరుగా భుజ్ ఆసుపత్రికి వెళ్లు. ఒంటరిగా వద్దనేది అందుకే. రాత్రి ఫోన్ చెయ్యి. పాము సంగతి మాత్రం మీ అమ్మ దగ్గర ఎత్తకు, తిట్లు నాకే పడతాయి.

మీ పెదనాన్న