రెజిమెంట్ కథ వేరు, మనిషి కథ వేరు

అమ్మలూ,

నువ్వుండే స్టేట్ కాలేజ్ ఊరికి పక్క ఊళ్ళో, చర్చి వెనకాల సమాధుల్లో ఒక రాయి చూశావనీ, దాని మీద ఒక సైనికుడి పేరు కింద 148వ పెన్సిల్వేనియా అని, అంటే అమెరికా అంతర్యుద్ధం నాటి ఒక రెజిమెంట్ (సైనిక దళం) పేరు, ఉందనీ, హిస్టరీ పేపర్ ఆయన మీదే రాస్తాననీ మెసేజ్ పెట్టావు. చాలా సంతోషం వేసింది. ఫోన్లో చెబితే సగం జారిపోతుందని ఇలా రాస్తున్నాను.

ముందు ఆ రాయి దగ్గరే మొదలుపెట్టు. తెల్ల చలువరాయి మీద డాలు ఆకారంలో లోతుగా చెక్కి, ఆ గుంటలో అక్షరాలు పైకి తేలి ఉంటే అది ప్రభుత్వం ఇచ్చిన రాయి. మామూలు శ్మశానాల్లో ఉన్న సైనికులకి కూడా రాళ్ళు ఇవ్వాలని 1879లో చట్టం చేశారు. అక్షరాలు ఆనడం లేదని సుద్దముక్క రుద్దకు, బ్లీచ్ అసలే పొయ్యకు. రాయి పాడైపోతుంది. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్ళి, ఒక అద్దం పట్టుకుని పక్కనుంచి వెలుగు కొట్టు. చెరిగిపోయిందనుకున్న అక్షరం లేచి కనపడుతుంది.

148 అంటే ఎక్కువమంది మీ సెంటర్ కౌంటీ కుర్రాళ్ళే. 1862 సెప్టెంబర్‌లో ఇక్కడ మా హారిస్‌బర్గ్‌లోని క్యాంప్ కర్టిన్ అనే సైనిక శిబిరానికి వచ్చి చేరారు. వాళ్ళ కర్నల్ జేమ్స్ బీవర్. 1864 ఆగస్టులో రీమ్స్ స్టేషన్ దగ్గర జరిగిన పోరులో ఆయన కాలు పోయింది, తరవాత రాష్ట్రానికి గవర్నర్ అయ్యాడు. నువ్వు ఫుట్‌బాల్ చూడ్డానికి వెళ్ళే బీవర్ స్టేడియం ఆయన పేరు మీదే ఉంది. ఆయన గురించి రాసినవాళ్ళు బోలెడుమంది. నీ మనిషి గురించి రాసేది నువ్వొక్కదానివే కావచ్చు.

నేషనల్ పార్క్ సర్వీస్ వెబ్‌సైట్‌లో అంతర్యుద్ధ సైనికుల పేర్లు వెతకొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు. ఇక్కడ జర్మన్ ఇంటిపేర్లు ఎక్కువ. గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నాడు. మన ఇంటిపేర్లని ఇక్కడి ఆఫీసుల్లో ఎన్ని రకాలుగా రాస్తారో నీకు తెలుసుగా, అదే తంతు. నాలుగైదు స్పెల్లింగులతో చూడు. ఒకే పేరుతో ఇద్దరు దొరికితే కంపెనీ, అంటే రెజిమెంట్లోని చిన్న దళం, దాని అక్షరం కలిసేదాకా ఎవరినీ నీ మనిషి అనుకోకు.

ఇప్పుడు అసలు సంగతి. వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ నుంచి సర్వీసు రికార్డు తెప్పించుకో, 86వ నంబరు ఫారం. అప్పట్లో ప్రతి రెండు నెలలకీ కంపెనీ హాజరు తీసేవాళ్ళు. మన ఊళ్ళో ఉపాధి పనికి మస్టర్ వేస్తారు చూడు, వాళ్ళదీ మస్టర్ రోలే. యుద్ధం అయిపోయి పాతికేళ్ళు దాటాక యుద్ధశాఖ గుమాస్తాలు ఆ కాగితాల్లోంచి ఒక్కో మనిషి వివరాలు చిన్న కార్డుల మీదకి ఎత్తి రాశారు. నీకు వచ్చేది ఆ కార్డులే. హాజరు, గైర్హాజరు, ఇంకా ఒకటో రెండో మాటలు. చూడగానే ఇంతేనా అనిపిస్తుంది. తొందరపడకు.

నేను చేసిన తప్పు చెబుతాను. నేను వెతికిన మనిషిదీ 148వ రెజిమెంటే. 1863 జూలై 2న గెట్టిస్‌బర్గ్‌లో గోధుమ చేను దగ్గర ఆ రెజిమెంట్ పోరాడింది కదా అని, ఆయన్ని తీసుకెళ్ళి ఆ చేలో నిలబెట్టి మూడు పేజీలు రాసేశాను. పొగ, కేకలు, పక్కన పడిపోయిన స్నేహితుడు, అన్నీ. తరవాత కార్డులు వచ్చాయి. మే-జూన్ కార్డులో గైర్హాజరు, జబ్బు, హాస్పిటల్లో ఉన్నాడు. జూలై-ఆగస్టు కార్డులోనూ అదే మాట. ఆ మూడు పేజీలూ కొట్టేశాను. కొట్టేశాక ఆయన మొదటిసారి నాకు నిజంగా కనపడ్డాడు. నెలకి 13 డాలర్ల జీతం, ఎక్కడో మంచం, చేను ఉన్నది తన సొంత రాష్ట్రంలోనే, తోటివాళ్ళు అక్కడ చనిపోతున్నారు. ఆ యుద్ధంలో తూటాలకంటే జబ్బులకే ఎక్కువమంది పోయారమ్మా. కాబట్టి రెజిమెంట్ ఎక్కడుందో చదువుకో, కానీ నీ మనిషి ఆ రోజు అక్కడున్నాడని కార్డు చెబితేనే రాయి.

పారిపోయాడు అని కార్డులో ఉంటే బెంబేలు పడకు. హాస్పిటల్లో ఉన్నవాణ్ణి కూడా కంపెనీ గుమాస్తా అలా రాసేసిన సందర్భాలున్నాయి. తరవాత విచారించి కొట్టేసినవీ ఉన్నాయి. కింద ఇంకో నోటు ఉందేమో చివరిదాకా చూడు.

దీనితోపాటు పింఛను ఫైలు కూడా అడుగు, అది 85వ నంబరు ఫారం. డబ్బు కాస్త ఎక్కువే అవుతుంది, నేను పంపిస్తాను. మనిషి దొరికేది అందులోనే. మొదట్లో యుద్ధంలో తగిలిన దెబ్బకో, పట్టుకున్న జబ్బుకో మాత్రమే పింఛను ఇచ్చేవాళ్ళు. 1890 చట్టం వచ్చాక, 90 రోజులు పనిచేసి ఉండి, యుద్ధంతో సంబంధం లేని కారణం వల్లనైనా సరే, అది సొంత చెడు అలవాట్ల ఫలితం కాకపోతే, ఒళ్ళొంచి పని చెయ్యలేకపోతే చాలన్నారు. దాంతో ముసలివాళ్ళైన సైనికులు వేలమంది అర్జీలు పెట్టుకున్నారు. డాక్టరు పరీక్ష కాగితం మీద మనిషి బొమ్మ ముందూ వెనకా అచ్చువేసి ఉంటుంది, దెబ్బ ఎక్కడో దాని మీద గుర్తు పెట్టేవాళ్ళు. నా మనిషి బొమ్మ మీద ఎడమ మోకాలి కింద చిన్న సిరా గీత ఉంది. చాలాసేపు దాని మీదే వేలు పెట్టుకుని కూర్చున్నాను.

ఇరుగుపొరుగువాళ్ళ అఫిడవిట్లు కూడా ఉంటాయి. యుద్ధం నుంచి వచ్చాక నాగలి పట్టలేకపోయాడు, సగం మనిషి పనే చేస్తాడు అని. పింఛను రావాలని కాస్త పెంచి చెప్పి ఉండొచ్చు, అది మనసులో పెట్టుకుని చదువు. కానీ అబద్ధమని తీసిపారెయ్యకు. ఆయన పోయాక భార్య అర్జీ పెట్టుకుని ఉంటే ఇంకా మంచిది. పెళ్ళి రుజువు చెయ్యాల్సిందే కాబట్టి, పెళ్ళి తేదీ, పిల్లల పుట్టిన రోజులు రాసుకున్న ఇంటి బైబిల్ పేజీని చింపి పంపినవాళ్ళున్నారు. అలాంటి పేజీ నీ ఫైల్లో ఉంటే ఫోటో పెద్దది తీయించుకో, అంచులతో సహా.

వచ్చే ఆదివారం నేనూ పెద్దమ్మా బయల్దేరి వస్తాం. ఎనిమిదికల్లా ఆ రాయి దగ్గర ఉండు. అద్దం నేను తెస్తాను.

ప్రేమతో,
పెదనాన్న