జర్మన్ అమ్మాయిని చేసుకుంటే వీసా దానంతటదే వస్తుందనుకునేవాళ్ళకి

అడిగిన ప్రశ్న ఇది: "విదేశీయుల్ని పెళ్ళి చేసుకుని ఆ దేశంలో స్థిరపడటం నిజంగా అంత సులువా? వెళ్ళినవాళ్ళు ఏమనుకుని వెళ్ళారు, అక్కడ ఏం జరిగింది?"

సులువు కాదండి. నన్నడిగితే విదేశం వెళ్ళే దారులన్నిట్లోకీ ఇదే కష్టం. ఉద్యోగం మీద వెళ్ళేవాడి కాగితాలు కంపెనీ చూసుకుంటుంది. చదువు మీద వెళ్ళేవాడికి కన్సల్టెన్సీవాడు డబ్బు గుంజితే గుంజాడు, ఏ కాగితం ఎక్కడ పెట్టాలో చెబుతాడు. పెళ్ళి మీద వెళ్ళేవాడికి పెళ్ళామే దిక్కు, ఆవిడకేమో మన ఎమ్మార్వో ఆఫీసు ఎలా నడుస్తుందో తెలియదు.

నా భార్య జర్మన్. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇప్పుడుండేది స్టుట్‌గార్ట్ పక్కన ఒక చిన్న ఊళ్ళో. "తెల్లమ్మాయిని పట్టాడు, పాస్‌పోర్టు కొట్టేశాడు" అని మా వైపు ఇప్పటికీ అంటారు. నా బీరువాలో ఉన్నది ఇండియన్ పాస్‌పోర్టే. ఎలా కలిశాం, ఎవరు ముందు చెప్పారు లాంటివి ఈ జవాబుకి అనవసరం.

నేననుకున్నది చాలా సింపుల్. పెళ్ళి రిజిస్టర్ చేయిస్తాం, సర్టిఫికెట్ చూపిస్తాం, మహా అయితే రెండు నెలల్లో విమానం ఎక్కుతాను. మాఘమాసంలో మా ఇంటి ముందు పందిరి వేసి పెళ్ళి చేశారు. రిజిస్ట్రేషన్ మాత్రం స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద కదా, 30 రోజుల నోటీసు ఉంటుంది. పైగా ఆమెకి పెళ్ళికి అడ్డంకేమీ లేదని వాళ్ళ ఊరి ఆఫీసు ఇచ్చే పత్రం రావడం ఆలస్యమైంది. ఆమె మధ్యలో వెళ్ళి మళ్ళీ వచ్చింది. అలా కాగితం మీద మా పెళ్ళి ఆషాఢంలో జరిగింది. ఆషాఢంలో కొత్తకోడలు అత్తగారింట్లో ఉండకూడదని నాయనమ్మ ఒకటే గోల. ఈ రెండు తేదీల సంగతి గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

మొదటి దెబ్బ భాషా పరీక్ష. జర్మన్ పౌరుల్ని చేసుకుని అక్కడికి వెళ్ళాలంటే ఏ1 స్థాయి జర్మన్, అంటే అన్నిటికంటే కింది మెట్టు, పాసవ్వాలి. 2007 నుంచీ ఉన్న రూలు. హైదరాబాద్‌లో క్లాసులకి వెళ్ళి, నూటికి 60 వస్తే చాలనుకుని చదివి, గట్టెక్కాను. పరీక్ష కష్టమని కాదు నా బాధ. మా బాబాయి కొడుకు మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్, బ్లూ కార్డ్ (పెద్ద చదువుల ఉద్యోగులకిచ్చే పర్మిట్) మీద ఉన్నాడు. వాడి భార్యకి ఈ పరీక్ష లేదు. బ్లూ కార్డ్ వాళ్ళ భార్యలకీ భర్తలకీ మినహాయింపు. అలా బ్లూ కార్డ్ ఉంటే, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ తెలుగువాళ్ళయినా ఒక్క జర్మన్ ముక్క రాకపోయినా రానిస్తారు, పెళ్ళాం పుట్టుకతో జర్మన్ అయితే మొగుడు పరీక్ష రాయాలి. దీనికి వాళ్ళ చట్టంలో ఏదో కారణం ఉండే ఉంటుంది. నాకైతే ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఇక కాగితాలు. ఒక దేశం కాగితాలు ఇంకో దేశంలో చెల్లడానికి వేసే ముద్రని అపోస్టిల్ అంటారు. ఆ ఒప్పందంలో ఇండియా 2005లోనే చేరింది గానీ జర్మనీ అభ్యంతరం చెప్పింది. కాబట్టి మన దగ్గర కొట్టించుకున్న అపోస్టిల్ ముద్ర అక్కడ చెల్లదు. బదులుగా, వాళ్ళకి అనుమానమొస్తే మన సర్టిఫికెట్లను ఇండియాలోనే ఒక లాయరు ద్వారా వెరిఫై చేయిస్తారు. ఖర్చు మనది. ఆ లాయరు మనిషి రిజిస్టర్లున్న ఆఫీసులకి వెళ్తాడు, కావాలంటే ఊళ్ళోకొచ్చి ఇరుగుపొరుగుని కూడా అడుగుతాడు.

నా కాగితాలు అనుమానం రాకుండా ఉండేవి కావులెండి. నేను పుట్టింది అమ్మమ్మగారింట్లో, మంత్రసాని చేతుల మీద. పంచాయతీలో ఎవరూ రాయించలేదు. ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరిగి ఆలస్యంగా బర్త్ సర్టిఫికెట్ పుట్టించాను. అందులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. టెన్త్‌లో ఒక్క అక్షరం. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరుకి ఒక 'హెచ్' ఎక్కువ. మనకిది మామూలే. జర్మన్ ఆఫీసు కంటికి ముగ్గురు మనుషులు కనబడ్డారు.

ఎంక్వయిరీకొచ్చే మనిషి ముందుగా చెప్పి రాడు. నేను హైదరాబాద్‌లో డ్యూటీలో ఉన్నాను. ఆయన మిట్టమధ్యాహ్నం మా ఊళ్ళో బస్సు దిగి కిళ్ళీకొట్టు దగ్గర ఆగాడట. టక్ చేసిన చొక్కా, చేతిలో ఫైలు, ఫైల్లో నా ఫోటో. మా ఊళ్ళో ఫోటో చూపించి ఆరా తీసేవాళ్ళు ఇద్దరే: పోలీసులు, ఫైనాన్స్ వాళ్ళు. కొట్టు నడిపే ఆయన్ని చిన్నప్పట్నుంచీ మావయ్యా అంటాను. ఎలాగైనా నన్ను కాపాడాలని ఆయన ఆ క్షణమే తీర్మానించుకున్నాడు.

"ఈ అబ్బాయి తెలుసాండి?"

"ఎవరండీ ఈయన? మా ఊరేనంటారా?" అన్నాడట మావయ్య, ఫోటోని చేతులు బార్లా చాపి చూస్తూ.

"భయపడకండి. పెళ్ళి గురించి ఎంక్వయిరీ."

పెళ్ళి అనేసరికి మావయ్యకి ప్రాణం లేచొచ్చింది. "అదాండీ! మనోడే. బంగారంలాంటి కుర్రాడండి బాబూ!"

"పెళ్ళయిందాండి?"

"ఎందుకవలేదండీ! మాఘమాసంలో బ్రహ్మాండంగా అయింది. ఊరంతటికీ భోజనాలు. గుత్తొంకాయ కూర నేనే వడ్డించాను."

ఫైల్లో ఉన్నదేమో ఆషాఢంలో రిజిస్టరైన పెళ్ళి. ఆయన పెన్ను తీశాడు. "అమ్మాయి పేరేంటండి?"

"సీతండి. చక్కని పిల్ల."

ఇక్కడ మీకో ముక్క చెప్పాలి. నా భార్య పేరు పలకడానికి మా నాయనమ్మకి నోరు తిరగలేదు. పెళ్ళిపీటల మీదే సీత అని పేరు పెట్టేసింది. ఊరంతా అదే ఖాయం చేసుకుంది. మావయ్యకి ఆమె అసలు పేరు ఇప్పటికీ తెలియదు.

"ఆవిడ ఇప్పుడెక్కడున్నారండి?"

"పుట్టింటికెళ్ళిందండి. ఎప్పుడొస్తుందో ఏమో మరి."

ఆయన పక్కింటి ఆవిణ్ణి కూడా అడిగాడు. "సీతమ్మా? మహా ఒద్దికైన పిల్లండి. వాళ్ళత్తగారితో ఒక్కమాట పడలేదు" అని ఆవిడా తన వంతు సాయం చేసింది. అమ్మకి కబురు తెలిసి కొంగు సవరించుకుంటూ సెంటర్‌కి వచ్చేసరికి ఆయన షేరాటో ఎక్కి వెళ్ళిపోయాడు. మావయ్య మాత్రం ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, "నీ గురించి మంచిగానే చెప్పాన్రా, ఇక నీ వీసాకి ఢోకా లేదు" అన్నాడు.

కొన్ని వారాలకి మెయిలొచ్చింది. మొదటి భార్య సీతతో వివాహం రద్దయినట్టు ఆధారాలు పంపమని.

నా భార్య ఫోన్లో పడీపడీ నవ్వింది. రెండో రోజుకి ఆ నవ్వు లేదు, ఎందుకంటే దీన్ని ఎలా విడదీయాలో ఎవరికీ తెలియలేదు. సీత అనే మనిషి లేదని నిరూపించే సర్టిఫికెట్ ఏ ఆఫీసు ఇస్తుంది? చివరికి సర్పంచ్ గారు, పెళ్ళి చేయించిన పంతులుగారు, కిళ్ళీకొట్టు మావయ్య, ముగ్గురి చేతా స్టాంపు పేపర్ల మీద రాయించాం. మాఘమాసపు పెళ్ళికూతురూ, రిజిస్టర్లో ఉన్న విదేశీ వనితా ఒక్కరేనని. నోటరీ ఆయన మూడుసార్లు చదివి, "ఇలాంటిది నా సర్వీసులో రాయలేదండి" అన్నాడు. పెళ్ళి ఫోటోలు, శుభలేఖ, వాటికి అనువాదాలు జతచేశాం. వీసా వచ్చేసరికి మళ్ళీ మాఘం దాటిపోయింది. అంతకాలం నేను ఇండియాలో, ఆమె జర్మనీలో. ఊళ్ళోవాళ్ళు "ఆ పిల్ల వదిలేసిందటగా" అనడం మొదలుపెట్టారు.

అనుకున్నదానికీ అక్కడ జరిగినదానికీ తేడా ఏమిటని అడిగితే చాలామంది చలి, తిండి, భాష అని రాస్తారు. అవన్నీ అలవాటైపోతాయి. గోంగూర కూడా ఏదో ఒక శ్రీలంక కొట్లో దొరుకుతుంది. అలవాటు కానివి రెండు. మొదటిది, మీ కాపురం ఇకమీద ఒక ఫైలు. నాకిచ్చిన పర్మిట్ ఆమెతో కలిసుంటున్నందుకు ఇచ్చింది. అక్కడ కలిసి కాపురం చేసిన మూడేళ్ళలోపు విడిపోతే మామూలుగా అది నిలవదు. హింసలాంటి కారణాలుంటే మినహాయింపులున్నాయి, అది వేరే. మొగుడూ పెళ్ళాం అన్నాక మాటామాటా వస్తుంది. మీ ఇళ్ళలో "నేను పోతాను", "పోతే పో" అని తిట్టుకుని గంట తర్వాత కాఫీ తాగుతారు. మా ఇంట్లో ఆ మూడేళ్ళూ ఆ మాట ఎవరం అనలేదు. ఆమె అంటే బెదిరింపు అవుతుంది, నేనంటే అబద్ధం అవుతుంది. తగువు పూర్తిగా ఆడుకునే స్వేచ్ఛ కూడా లేకుండా బతకడం ఎంత బరువో వెళ్ళకముందు నాకెవరూ చెప్పలేదు.

రెండోది మగవాళ్ళకి. మా కోనసీమలో ఇల్లరికపుటల్లుడంటే ఎలాంటి చూపు చూస్తారో మీకు తెలుసు. నేను వెళ్ళింది అచ్చంగా ఇల్లరికమే. ఇల్లు ఆమె పేరు మీద, జీతం ఆమెది, ఉత్తరాలు చదివేది ఆమె, డాక్టరు దగ్గర నా కడుపునొప్పి గురించి మాట్లాడేది కూడా ఆమే. జర్మనీలో ప్రతిదీ ఉత్తరమే, అదో జబ్బు వాళ్ళకి. టీవీ లేకపోయినా ఇంటికి నెలకి 18.36 యూరోల ప్రసార రుసుము కట్టమని కూడా ఉత్తరమే వచ్చింది. ఇక మేముండే వైపు జర్మన్లకి వారాల వంతున అపార్ట్‌మెంట్ మెట్లు తుడిచే ఆచారం ఉంది. వంతు ఎవరిదో వాళ్ళ తలుపుకి ఒక బోర్డు తగిలిస్తారు. నేను బకెట్ పట్టుకుని మెట్లు తుడుస్తుండగా అమ్మ వీడియో కాల్ చేసింది. "అల్లుడి చేత మెట్లు కడిగిస్తున్నారా!" అని ఒకటే ఏడుపు. మా మామగారు కూడా తన వంతు తుడుస్తారమ్మా అంటే నమ్మలేదు.

ఒక విషయంలో జర్మనీని మెచ్చుకోవాలి. జర్మన్ల భార్యాభర్తలకి వచ్చిన రోజు నుంచే ఏ ఉద్యోగమైనా చేసుకునే హక్కు ఉంటుంది. డల్లాస్‌లో మా పెద్దమ్మ కోడలు ఎమ్మెస్సీ చదివి, మొగుడి ఉద్యోగం మీద వచ్చిన హెచ్4 వీసాతో పని చేసే హక్కు లేక ఇంట్లో కూర్చుంది పాపం. కానీ హక్కుండటం వేరు, పని దొరకడం వేరు. నేను ఫిజియోథెరపిస్టుని. జర్మనీలో అది లైసెన్సుండాల్సిన వృత్తి. బీపీటీలో, అంటే నా ఫిజియోథెరపీ డిగ్రీలో, ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివానో కాలేజీ నుంచి తెప్పించి, గుర్తింపున్న అనువాదకుల చేత పేజీ లెక్కన డబ్బు కట్టి రాయించి పంపాలి. కాలేజీవాళ్ళు ఆ గంటల లెక్క ఇవ్వడానికి నన్ను తిప్పిన తిప్పుడు గురించి వేరే రాయాలి. పైగా బీ2 స్థాయి జర్మన్ కావాలి, ఏ1 కంటే మూడు మెట్లు పైన. ఈలోపు ప్రభుత్వం పెట్టే కోర్సు: భాషకి 600 గంటలు, వాళ్ళ చరిత్ర, చట్టాలకి 100 గంటలు. పగలు ఆ క్లాసు, రాత్రి పార్శిల్ గోడౌన్‌లో డబ్బాలు సర్దడం. హైదరాబాద్‌లో నా కింద ముగ్గురు జూనియర్లుండేవారు.

క్లాసులో నేర్పే జర్మన్ మా మామగారు మాట్లాడరు. ఆయనది ష్వేబిష్, అంటే మేముండే ప్రాంతపు యాస. మొదటి ఏడాది ఆయనేమన్నా నేను నవ్వి తల ఊపేవాణ్ణి. ఒకసారి అలా ఊపి, శనివారం మొత్తం ఆయన తోటలో కట్టెలు కొట్టడానికి ఒప్పుకున్నాను.

ఇండియన్ లైసెన్సు ఆర్నెల్లే పనికొస్తుంది, తర్వాత థియరీ, డ్రైవింగ్ రెండు టెస్టులూ పాసవ్వాలి. దాని గురించి తలుచుకోను.

ఇప్పుడు పరిస్థితి బాగుంది. గుర్తింపు వచ్చింది, ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నాను. డాక్టరు చీటీ ఉన్న పేషెంటుకి ఇరవై నిమిషాలు, టైమైతే తర్వాతివాళ్ళు. మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు నాకు కేకులు తెస్తారు. అందుకే మా వైపు నుంచి ఫోన్లు కూడా పెరిగాయి. "మా వాడికి అక్కడ ఎవరైనా ఉంటే చూడు బాబూ, చదువు పెద్దగా లేదు గానీ మంచోడు." ఇలా అడిగేవాళ్ళకి నేను ఒకటే చెబుతున్నాను: మీ వాడికి వెల్డింగో, ఎలక్ట్రికల్ పనో, నర్సింగో వస్తే జర్మన్ నేర్పించండి, ఉద్యోగం మీద పంపండి. పెళ్ళి దారిలో పంపకండి. కోపాలొస్తున్నాయి. "తను ఎక్కాక నిచ్చెన లాగేశాడు" అంటున్నారట.

పాస్‌పోర్టు సంగతి. జర్మన్ల భార్యాభర్తలు మూడేళ్ళు అక్కడుంటే పౌరసత్వానికి అప్లై చేయొచ్చు. 33 ప్రశ్నల్లో 17 సరిగ్గా రాస్తే పరీక్ష పాస్, అది నాకు కష్టమేం కాదు. 2024 జూన్ నుంచి జర్మనీ రెండు పౌరసత్వాలకి ఒప్పుకుంది గానీ ఇండియా ఒప్పుకోదు. జర్మన్ పాస్‌పోర్టు తీసుకుంటే ఇండియన్‌ది వదులుకుని, విదేశీ పౌరులైపోయిన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డుతో ఇండియాకి రావాలి. ఓసీఐ ఉన్నవాళ్ళు వ్యవసాయ భూమి కొనలేరు, వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. మా కొబ్బరితోట పక్కన అరెకరం బేరానికి ఉంది, నాన్న దాన్ని నా పేరున కొనాలని పట్టుదలగా ఉన్నారు. ఆ రిజిస్ట్రేషన్ అయ్యేదాకా నేను అప్లికేషన్ పెట్టను. నా భార్యకి ఇది అస్సలు అర్థం కావడం లేదు, ప్రస్తుతం మా ఇంట్లో నడుస్తున్న గొడవ ఇదే. ఓసీఐ, భూముల గురించి అనుభవం ఉన్నవాళ్ళు కింద రాయండి, నాకూ పనికొస్తుంది.