ముప్పై ఏడో నెల జీతం ఎవరిస్తారు?

చిట్టి తల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, కొర్రలు కొని బియ్యం పట్టించి అమ్మే నీ రైతుల కంపెనీకి గ్రాంటు మంజూరైందనీ, రెండో మర కూడా కొనబోతున్నావనీ సంబరంగా చెప్పింది. నాకూ సంతోషమే. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇరవై ఆరేళ్ళు మహిళా పొదుపు సంఘం లెక్కలు రాశాను. అందులో తొమ్మిదేళ్ళు వేరుశనగ నూనె గానుగ కూడా నడిపాం. ఆ గానుగ రెండుసార్లు మూతపడేదాకా ఎందుకొచ్చిందో నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నాను.

ముందు ఒక్క కిలో కొర్ర బియ్యం లెక్క వెయ్యి. రైతు దగ్గర కొర్రలు కిలో 40 రూపాయలకు కొన్నావనుకో. క్వింటాలు మరపడితే 62 కిలోల బియ్యం వచ్చిందనుకుందాం. తాలు, మట్టి ఎక్కువుంటే అదీ రాదు. అంటే కిలో బియ్యానికి గింజల ఖర్చే 64 రూపాయల 50 పైసలు. మర పట్టి రాళ్ళు తీయడానికి 6, ప్యాకెట్‌కీ లేబుల్‌కీ 5, హమాలీ, రవాణా 5. ఇక్కడికే 80 రూపాయల 50 పైసలు. మేనేజరు జీతం, గోదాము అద్దె, వడ్డీ కిలోకు పంచితే ఇంకో 12 అనుకో. మొత్తం 92 రూపాయల 50 పైసలు. ప్యాకెట్ మీద నువ్వు వేసిన ధర 100. కొట్టతను ఇరవై శాతం పట్టుకుంటే నీ చేతికొచ్చేది 80.

నా అంకెలు నీ అంకెలు కాకపోవచ్చు, నీవి పెట్టి చూసుకో. కానీ ఒకటి గమనించు. అమ్మకాలు పెరిగితే అన్నీ సర్దుకుంటాయని నీకు చాలామంది చెబుతారు. జీతాలూ అద్దే ఎక్కువ కిలోల మీద పంచితే తగ్గుతాయి, నిజమే. గింజలు, ప్యాకెట్, రవాణా మాత్రం ప్రతి కిలోకూ పడాల్సిందే. ఆ ఖర్చే 80 రూపాయల 50 పైసలైనప్పుడు, చేతికి 80 వస్తున్నప్పుడు, రెండో మర వచ్చినా మూడో మర వచ్చినా పోయేది పెరుగుతుందే తప్ప తగ్గదు. నూక, ఊక అమ్మితే నాలుగు రూపాయలు రావచ్చు. దాంతో మేనేజరు జీతం వెళ్ళదు కదా.

అందుకే రెండో మర కొనడం ఆపి, ముందు అమ్మే దారి మార్చు. హాస్టళ్ళకు, టిఫిన్ సెంటర్లకు 25 కిలోల సంచుల్లో కిలో 90 చొప్పున నేరుగా వెయ్యగలిగితే ప్యాకెట్ ఖర్చూ లేదు, కొట్టతని వాటా లేదు. జీతాలకూ అద్దెకూ కిలోకు పది, పదిహేను మిగులుతుంది. ప్యాకెట్లు ఆపమని కాదు. వాటి మీద 120 వేసినా కొనేవాళ్ళు ఎంతమందో చూసుకుని, అంతవరకే చెయ్యి. రైతుల మీద జాలితో కొనేవాళ్ళు ఒకసారి కొంటారు. రాయి తగలకుండా, పురుగు లేకుండా, అన్నం పొడిపొడిగా వస్తేనే రెండోసారి అడుగుతారు. మర పట్టిన బియ్యం ఎక్కువకాలం ఉంచితే ముక్కవాసన వస్తుంది కాబట్టి గింజలుగా నిలవ చేసుకుని, ఆర్డరు వచ్చినప్పుడే మరపట్టించు.

ఇప్పుడు గ్రాంటు సంగతి. కేంద్రం 2020లో తెచ్చిన పదివేల ఎఫ్‌పీఓల (అంటే నీలాంటి రైతుల కంపెనీల) పథకంలో ఒక్కో కంపెనీకి మూడేళ్ళకు కలిపి 18 లక్షల వరకు నిర్వహణ ఖర్చు ఇస్తారు. మంచి సాయమే. కానీ మూడేళ్ళంటే ముప్పై ఆరు నెలలు. ముప్పై ఏడో నెల మేనేజరు జీతం ఎక్కడినుంచి వస్తుందో ఇవాళే కాగితం మీద రాసుకో. ప్రతినెలా రెండు లెక్కలు తియ్యి, గ్రాంటుతో ఒకటి, గ్రాంటు లేకుండా ఒకటి. రెండోది బోర్డు మీటింగులో చదివి వినిపించు. మా గానుగకు ఒక దాత సంస్థ మూడేళ్ళు డబ్బిచ్చింది. మేం ఒకే లెక్క రాసుకున్నాం, అందులో ఏటా లాభమే కనబడింది. నాలుగో ఏడు ఏప్రిల్‌లో కరెంటు బిల్లుకు నా గాజులు తాకట్టు పెట్టాను. ఆ మాట మీ అమ్మకు కూడా తెలియదు.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. నాలుగేళ్ళు జీతం లేకుండా పనిచేశాను. సేవ అనుకున్నాను. తరవాత నాకు ఆపరేషన్ అయి మంచం పట్టినప్పుడు మేనేజరును పెట్టుకోవాల్సి వచ్చింది. అతని జీతం కలిపితే లీటరుకు 9 రూపాయలు పెరిగింది. నాలుగేళ్ళుగా తక్కువ ధరకు అలవాటుపడిన వాళ్ళు అంత పెంచితే ఒప్పుకోలేదు. మేం చెప్పిన ధర ఎప్పుడూ నిజమైన ధర కాదని అప్పుడు తెలిసింది. నువ్వు కూడా జీతం తీసుకోవడం లేదని విన్నాను. వద్దమ్మా. చేతికి పూర్తిగా తీసుకోలేకపోయినా లెక్కలో మాత్రం తప్పకుండా రాయి. రేపు నీకు పెళ్ళవుతుంది, పిల్లలు పుడతారు, ఊరు మారతావు. నీ తరవాత వచ్చేవాళ్ళు జీతం తీసుకుని కూడా ఆ కంపెనీని నడపగలగాలి.

లాభంలో ఉన్న సంఘం కూడా చేతిలో డబ్బు ఆడక మూతపడుతుంది. కొర్రలన్నీ ఒకేసారి కల్లాల నుంచి వస్తాయి. రైతుకు వారంలో డబ్బివ్వకపోతే దళారి దగ్గరికి పోతాడు, పోవడం తప్పు కాదు. 60 టన్నులు కొనాలంటే 24 లక్షలు కావాలి. అవి అమ్ముడై డబ్బు తిరిగొచ్చేసరికి మళ్ళీ పంట వస్తుంది. ఆ పథకంలోనే రైతు పెట్టిన వాటాకు సమానంగా, మనిషికి 2,000 దాకా, కంపెనీకి 15 లక్షలు మించకుండా వాటా ధనం ఇస్తారు. దాన్ని మరకూ షెడ్డుకూ పెట్టకు. పంట కొనడానికే ఉంచు.

మా నూనెలో మూడింట రెండు వంతులు నగరంలో ఒకే పెద్ద కొట్టు కొనేది. మొదట నెలకు ఇచ్చారు, తరవాత రెండు నెలలకు, తరవాత ఫోన్ ఎత్తడం మానేశారు. నీ కంపెనీని చిన్న పరిశ్రమల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్‌లో నమోదు చేయించు. చిన్న పరిశ్రమ దగ్గర సరుకు తీసుకున్నవాళ్ళు 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలని చట్టం ఉంది. గడువు దాటితే, డబ్బు నిజంగా కట్టిన ఏడే తప్ప అంతకుముందు ఆ ఖర్చును ఆదాయపు పన్నులో చూపుకోవడానికి కూడా వాళ్ళకు కుదరదు. బిల్లు మీద ఆ నమోదు నంబరు వేస్తే కొంత భయం ఉంటుంది. అయినా చట్టం మీద భారం వెయ్యకు, ఏ ఒక్కరికీ నీ సరుకులో పాతిక శాతం మించి ఇవ్వకు.

పేదవాళ్ళకు తక్కువకు ఇవ్వాలని నీకుంది. ఇవ్వు, కానీ ఆ తక్కువ ఎవరు భరిస్తున్నారో నీకు తెలియాలి. మదురైలో డాక్టర్ వెంకటస్వామిగారు ఉద్యోగ విరమణ తరవాత 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రి మొదలుపెట్టారు. డబ్బు కట్టగలిగినవాళ్ళు కట్టినదానితోనే కట్టలేనివాళ్ళకూ ఆపరేషన్లు చేశారు. బయటి నుంచి తెచ్చే లెన్సులు ఖరీదైతే 1992లో ఆరోలాబ్ పెట్టి తామే తయారు చేసుకున్నారు. డబ్బు కట్టేవాడు దానంగా కట్టడు, మంచి వైద్యం కోసం కడతాడు. మన హైదరాబాద్‌లో గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో ప్రారంభించిన ఎల్వీ ప్రసాద్ ఆస్పత్రి కూడా ఈ దారినే నడుస్తోంది. నీ 120 రూపాయల ప్యాకెట్లలో మిగిలితే అంగన్‌వాడీ పిల్లలకు తక్కువకు ఇవ్వు. మిగలని ఏడాది ఇవ్వకు.

రైతుల సంగతి ఒకటి మిగిలింది. నీ 320 మందిలో ఎంతమందికి ఆ కంపెనీ తమదనిపిస్తోంది? వీలుచూసుకుని తెలంగాణలో ముల్కనూరు వెళ్ళిరా. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారు పెట్టిన రైతుల సహకార సంఘం ఇప్పటికీ నడుస్తోంది. అప్పిచ్చేదీ, ఎరువు అమ్మేదీ, పంట కొనేదీ ఆ సంఘమే. సభ్యుల పొదుపు అందులోనే ఉంటుంది. తన డబ్బు ఉన్నచోట లెక్క అడగకుండా ఎవరూ ఊరుకోరు. నీ దగ్గర వాటా గ్రాంటు కోసం 2,000 కట్టినవాళ్ళు ఎందరు, గింజలు తెచ్చి వేసేవాళ్ళు ఎందరు, రెండూ విడివిడిగా రాసి చూడు.

పెట్టుబడి పెడతామని ఎవరో బెంగళూరు నుంచి వచ్చారట. తొందరపడకు. 2010 అక్టోబరులో, ఊళ్ళో ఆడవాళ్ళకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ వచ్చిన రోజులు నాకింకా గుర్తే. అప్పటిదాకా ఆ కంపెనీల్లోకి వేగంగా పెరగాలని వచ్చిన పెట్టుబడి డబ్బు ఊళ్ళో ఆడవాళ్ళ మీద వారం వారం ఎంత ఒత్తిడి పెట్టిందో కళ్ళారా చూశాను. ఎన్నేళ్ళలో ఎంత తిరిగి కావాలో వాళ్ళను రాసిమ్మని అడుగు. ఆ వేగంతో నీ రైతులు పండించగలరా లేదా అన్నది వాళ్ళకన్నా నీకే బాగా తెలుసు.

సంక్రాంతికి వస్తావు కదా, లాప్‌టాప్‌తో పాటు బిల్లుల కట్ట కూడా పట్టుకురా. భోగి మర్నాడే వెళ్ళిపోకుండా ఇంకో రెండు రోజులు ఉండేలా చూసుకో, కిలో లెక్క ఇద్దరం కూర్చుని వేద్దాం. నాకు అయిదు కిలోల కొర్ర బియ్యం తీసుకురా. డబ్బిస్తాను, వద్దనకు. కిలో 120 చొప్పున బిల్లు రాసి తీసుకురా.

నీ పెద్దమ్మ