నీ కథలో మాసా ఎక్కడున్నాడు తమ్ముడూ

తమ్ముడూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివా, మొదటిసారి రాత్రి పడుకునే ముందు చదివి కోపమొచ్చి పక్కన పడేశా, మళ్ళీ పొద్దున్నే కాఫీ తాగుతూ తీశా. జవాబు లేటయిందని ఏమీ అనుకోకు. కొత్తగా రాసేవాళ్ళు మామూలుగా ప్రేమ కథో సొంతూరు కథో పంపుతారు, నువ్వేమో 2008 సింగపూర్ ఫార్ములా వన్ కార్ల రేసులో రెనో టీము తమ ఇంకో డ్రైవర్ అలోన్సోని గెలిపించడానికి కావాలని తన కారునే గోడకి గుద్దించిన వ్యవహారం మీద తెలుగులో కథ రాసి పంపావు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

బాగున్నది ముందు చెప్పేస్తా. బ్రెజిల్లో చివరి రేసు అయ్యాక ఫెరారీ గరాజ్‌లో వాళ్ళ డ్రైవర్ మాసా ఇంట్లోవాళ్ళు ఆ ఏడాది టైటిల్ మనదేననుకుని గెంతులేసిన ఆ కొద్ది సెకన్లు రాశావు చూడు, ఆ పేరా ముట్టుకోకు.

కోపం తెప్పించింది నీ ఆఖరి వాక్యం. 'తప్పు చేసినవాళ్ళను కాలమే శిక్షిస్తుంది' అని ముగించావు. ఎక్కడ శిక్షించింది తమ్ముడూ? 2009 సెప్టెంబర్‌లో కార్ రేసుల్ని నడిపే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఐఏ వాళ్ళు రెనో టీము బాస్ బ్రియాటోరెని గడువు లేకుండా బహిష్కరించారు, ఇంజనీర్ సైమండ్స్‌కి ఐదేళ్ళు వేశారు. నాలుగు నెలలు తిరక్కుండా పారిస్ కోర్టు ఆ రెండూ కొట్టేసి బ్రియాటోరెకి 15 వేల యూరోలు, సైమండ్స్‌కి 5 వేల యూరోలు ఇప్పించింది. తర్వాత రాజీ చేసుకుని 2012 దాకా ఫార్ములా వన్‌లో పని చెయ్యం అని ఒప్పుకున్నారు, అంతే. 2013లో సైమండ్స్ విలియమ్స్ టీములో పెద్ద ఉద్యోగంలో చేరాడు, 2024లో బ్రియాటోరె అదే రెనో వాళ్ళ ఆల్పీన్ టీముకి సలహాదారుగా దర్జాగా తిరిగొచ్చాడు. ఇక రెనో టీముకి పడింది రెండేళ్ళ సస్పెండెడ్ శిక్ష, అంటే మళ్ళీ ఇంత తప్పు చేస్తే అప్పుడు వేటు. ఫైన్ కూడా లేదు. ఇదంతా నీకూ తెలుసు, కథ మధ్యలో సగం నువ్వే రాశావు, రాసి మరీ చివర్లో కాలం మీదకి తోసేశావు. కథ ఎలా ముగించాలో తెలీనప్పుడల్లా కాలాన్నీ విధినీ పిలవడం మన కథల్లో ఎప్పట్నుంచో ఉన్న జబ్బు, అది నీకు అంటకూడదు.

నాకెందుకింత పట్టింపో చెప్తా. ఆ రేసు రోజు, 2008 సెప్టెంబర్ 28 ఆదివారం, నేను విజయవాడలో ఒక దినపత్రిక స్పోర్ట్స్ డెస్క్‌లో సబ్ ఎడిటర్ని. ఫార్ములా వన్‌లో మొట్టమొదటి నైట్ రేసు, అక్కడ రాత్రయినా మనకి సాయంత్రమే, అందుకని జిల్లా ఎడిషన్‌కి కూడా కాపీ అందింది. 15వ స్థానంలో మొదలెట్టిన అలోన్సో గెలిచాడు. ఏజెన్సీ కాపీ అనువాదం చేసి 'అలోన్సో అద్భుతం' అని హెడ్డింగ్ పెట్టింది నేనే, డబుల్ కాలమ్, ఫొటోతో. ఏడాది తర్వాత అసలు సంగతి బయటపడి 2009 సెప్టెంబర్ 21న తీర్పొచ్చింది. ఆ రోజు కూర్చుని మొత్తం వ్యవహారం మీద పెద్ద ఐటమ్ రాశా. మర్నాడు సౌతాఫ్రికాలో ఛాంపియన్స్ ట్రోఫీ మొదలు, పేజీ అంతా క్రికెట్. మా ఇన్‌ఛార్జి నా కాపీ తీసి ఆరు లైన్ల ఫిల్లర్ చేశాడు, మనవాళ్ళకి ఇదెందుకయ్యా అని. అబద్ధపు గెలుపుకి డబుల్ కాలమ్, నిజానికి ఆరు లైన్లు. ఆ ఆరు లైన్లు ఉన్న పేపర్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

సరే, నీ కథలోకి వద్దాం. నువ్వు ఆ కారు గుద్దిన రెనో డ్రైవర్ పికే జూనియర్ని ఒట్టి విలన్‌గా రాశావు. వాడికప్పుడు 23 ఏళ్ళు, పేరు చూస్తే మూడుసార్లు ఛాంపియన్ అయిన తండ్రిది, సీజన్ చూస్తే దారుణం, వచ్చే ఏడాది కాంట్రాక్ట్ ఉంటుందో ఊడుతుందో తెలీదు. ఆ టైములో గదిలోకి పిలిచి మ్యాప్ చూపించి ఇదిగో 17వ మలుపు, ఇక్కడ గుద్దు అన్నారని వాడే తర్వాత స్టేట్‌మెంట్ ఇచ్చాడు. ఆ మలుపే ఎందుకంటే దగ్గర్లో క్రేన్ లేదు, కారు తియ్యడం లేటవుతుంది, అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు రాక తప్పదు. నువ్వు దీన్ని 'కుట్ర పన్నారు' అని రెండు ముక్కల్లో తేల్చేశావు! క్రేన్ లేని మలుపు వెతికిన మనుషుల గురించి రాసే అవకాశం చేతిలో పెట్టుకుని కుట్ర అనే మాటతో ఎలా సరిపెట్టుకున్నావ్?

ఇంకోటి. కారు వెనక భాగం జారినప్పుడు ఏ డ్రైవరైనా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాడు, అది అలవాటైపోయి ఉంటుంది, ఆలోచించక్కర్లేదు. వీడు జారుతుంటే ఇంకా తొక్కాడు. కారులో జరిగేదంతా నమోదు చేసే టెలిమెట్రీలో ఆ గీత పైకే వెళ్ళింది. కారు అబద్ధం చెప్పదు కదా. నీ కథ మొత్తం ఆ కాలు మీద నిలబెట్టొచ్చు, ఆ అర సెకను మీద మూడు పేజీలు రాయొచ్చు, వాడి బూటూ ఆ పెడలూ తప్ప ఇంకేం లేకుండా.

ఇప్పుడు అసలు విషయం, శిక్ష. నీ కథలో జర్నలిస్టు పాత్ర అంటుంది 'రెనోని డిస్‌క్వాలిఫై చేసుంటే న్యాయం జరిగేది' అని. లెక్క వేశావా? అలోన్సోని తీసేస్తే మూడో స్థానంలో ఉన్న హామిల్టన్ రెండోవాడవుతాడు, 6 పాయింట్లు పోయి 8 వస్తాయి. మాసా 13వ వాడు, 12కి వస్తాడు, సున్నాకి సున్నాయే. ఆ ఏడాది మొత్తం పాయింట్లు హామిల్టన్ 98, మాసా 97, ఒక్క పాయింట్ తేడాతో హామిల్టన్ ఛాంపియన్. నీ జర్నలిస్టు చెప్పిన న్యాయం చేస్తే ఆ తేడా మూడవుతుంది, నష్టపోయినవాడికే మళ్ళీ నష్టం. రేసు మొత్తం రద్దు చేస్తే హామిల్టన్ 92, మాసా 97. మాసా ఛాంపియన్. దొంగని పట్టుకుని కొట్టడం వేరు, పోయిన సొత్తు ఎవరిదో వాళ్ళింటికి చేర్చడం వేరు తమ్ముడూ, రేసుల్లో మోసం దొరికిన ప్రతిసారీ మొదటిదాని మీదే వాదనలు నడుస్తాయి, రెండోది ఎవరికీ పట్టదు.

నాకు తెలుసు నువ్వేమంటావో. మాసాని ముంచింది ఫెరారీ వాళ్ళ సొంత తప్పే కదా, పెట్రోల్ గొట్టం ఊడకముందే వెళ్ళమని పచ్చలైట్ వేశారు కదా అంటావు. నిజమే. కానీ ఆ సేఫ్టీ కారు రాకపోతే పెట్రోల్ పోయించుకోడానికి అందరూ ఒక్కసారే పిట్‌లోకి ఎగబడేవాళ్ళు కాదు, ఆ హడావుడి ఉండేది కాదు. పోల్ నుంచి, అంటే అందరికన్నా ముందు చోటు నుంచి, మొదలెట్టి ముందు పోతున్నవాడు మాసా! అలోన్సో 12వ ల్యాప్‌లోనే పిట్‌కొచ్చి వెళ్ళిపోయాడు, 14లో పికే గుద్దాడు, అప్పటి రూలు ప్రకారం సేఫ్టీ కారు రాగానే పిట్ మూసేస్తారు, తెరిచాక మిగతావాళ్ళు చాలామంది ఒకేసారి వెళ్ళారు, ముందే వెళ్ళొచ్చిన అలోన్సో ముందుకొచ్చేశాడు. ఇంకోటి కూడా అంటావు, హామిల్టన్ ఏ పాపం చేశాడు, రెండోవాడైన రోస్‌బర్గ్ ఏ పాపం చేశాడు, అలోన్సోకే సంబంధం లేదని ఎఫ్ఐఏ తేల్చింది కదా అని. అవును, వాళ్ళు నష్టపోతారు, అన్యాయంగానే నష్టపోతారు. అదే నొప్పి. ఆ నొప్పి రాయి. అయినా సరే రద్దు చెయ్యాలనేదే నా మాట, ఎందుకంటే కావాలని గుద్దించిన రేసు అసలు రేసే కాదు, దాంట్లో వచ్చిన పాయింట్లు ఎవరివీ కావు.

డిసెంబర్లో బహుమతుల సభ అయ్యాక ఫలితం మార్చడానికి లేదనే రూలు అడ్డం పెట్టారు. 2023లో, అప్పట్లో ఫార్ములా వన్ వ్యాపారం నడిపిన ఎకల్‌స్టన్ ఒక ఇంటర్వ్యూలో 2008లోనే తనకీ అప్పటి ఎఫ్ఐఏ అధ్యక్షుడు మోస్లీకీ సంగతి తెలుసన్నట్టు మాట్లాడాడని వచ్చింది, ఆ తర్వాత నాకు గుర్తులేదన్నాడు. ఆ ముక్క పట్టుకునే మాసా 2024లో లండన్ హైకోర్టుకి వెళ్ళాడు. పదహారేళ్ళ తర్వాత, ఫార్ములా వన్ నుంచి రిటైరైపోయిన మనిషి! నీ కథ 2009లోనే ఆగిపోయింది, మాసా బ్రెజిల్ పేరాలో కనపడి మాయమైపోయాడు. దోచుకున్నవాళ్ళ గురించి 11 పేజీలు, పోగొట్టుకున్నవాడి గురించి ఒక పేరా.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే నాకూ ఒకటి జరిగింది. కొత్తలో ఒక వారపత్రిక సంక్రాంతి కథల పోటీలో నాకు రెండో బహుమతి వచ్చింది, ఊరంతా చెప్పుకున్నా, మా అమ్మ గుళ్ళో కొబ్బరికాయ కొట్టింది. మొదటి బహుమతి కథ చదువుతుంటే ఎక్కడో చదివినట్టుంది. రెండు నెలలు లైబ్రరీలో పాత సంచికలు తిరగేస్తే దొరికింది, ఒక అనువాద కథ, పేర్లూ ఊళ్ళూ మార్చి మక్కీకి మక్కీ దించేశాడు. ఆ పాత సంచిక సంచిలో వేసుకుని నైట్ బస్సెక్కి ఆఫీసుకి వెళ్ళా. ఎడిటర్ గారు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివారు, కాఫీ తెప్పించారు, ఆయనకి ఇకపై మా పత్రికలో చోటుండదు బాబూ, మీరు మాత్రం ఈ సంగతి బయట పెట్టకండి, పత్రిక పరువు అన్నారు. మరి ఆ బహుమతి అనడిగా. ఇచ్చేశాం కదా అన్నారు. ఆ రచయిత పుస్తకాల అట్ట వెనక ఇప్పటికీ ఆ మొదటి బహుమతి అచ్చవుతూనే ఉంది. బస్టాండులో ఆ రాత్రి కూర్చుని అనుకున్నా, ఇంకెప్పుడు మోసం గురించి రాసినా మోసపోయినవాడి బెంచీ మీంచే రాస్తానని.

గుట్టుగా సర్దుకోవడం అంటే నాకు ఒళ్ళు మండేది అందుకే. 2019 ఫెరారీ ఇంజన్ మీద దర్యాప్తు చేసి 2020లో ఎఫ్ఐఏ రహస్యంగా సెటిల్‌మెంట్ చేసుకుంది, ఏం కనిపెట్టారో చెప్పలేదు, ఏడు టీములు కలిసి నిరసన ఉత్తరం రాసినా చెప్పలేదు. అదే 1984లో టిరెల్ అనే చిన్న టీము నీళ్ళ ట్యాంకులో సీసం గుళ్ళు పోసి తేలిక కారుకి రూలు ప్రకారం ఉండాల్సిన బరువు చూపించిందని ఆ సీజన్ ఫలితాలన్నీ తుడిచేశారు. అప్పటికి పెద్ద టీములన్నీ టర్బో ఇంజన్లకి మారిపోయాయి, పాత ఇంజన్‌తో మిగిలినవాడు టిరెల్, వాడి తరఫున మాట్లాడేవాడు లేడు. 2007లో మెక్‌లారెన్‌కి ఫెరారీ రహస్య కాగితాలు దగ్గర పెట్టుకున్నందుకు పది కోట్ల డాలర్ల ఫైన్ వేసి టీము పాయింట్లు తీసేశారు, డ్రైవర్ల పాయింట్లు మాత్రం వదిలేశారు.

ర్యాలీల్లో 1995లో టొయోటాకి వేసిందే నా లెక్కలో సరైన శిక్ష. టర్బోలోకి వెళ్ళే గాలిని తగ్గించే బిళ్ళ ఒకటుంటుంది, రిస్ట్రిక్టర్ అంటారు. దాన్ని బిగించగానే స్ప్రింగులతో కొద్దిగా పక్కకి జరిగి దొంగదారిన గాలి పోయేలా చేశారు, విప్పితే టక్కున మళ్ళీ దాని చోటికి అదే వచ్చి కూర్చునేది. తనిఖీకి విప్పినప్పుడల్లా సవ్యంగానే కనపడేది! టీముకి పన్నెండు నెలల నిషేధం, డ్రైవర్ల పాయింట్లు కూడా సున్నా. దొంగగాలితో వచ్చిన పాయింట్ ఒక్కటీ మిగలనివ్వలేదు.

నువ్వు ఆరు ప్రశ్నలడిగావు, కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకి పంపాలి ఇలాంటివి. వాటిల్లో ఒకదానికే జవాబు చెప్తా, మొదటి లైన్ ఎలా రాయాలని. 'ఇంజన్లు సింహాల్లా గర్జించాయి' కొట్టెయ్యి. ఈ మధ్య రేసు అనగానే అందరూ సినిమా ట్రైలర్‌లాగా మొదలెడుతున్నారు, ఎడిటర్లు కూడా అదే అడుగుతున్నారు, పది లైన్లలో పాఠకుడి పీక పట్టుకోవాలట. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే కరెంటు కార్లు పరిగెత్తినప్పుడు నేనూ వెళ్ళా, గర్జన ఎక్కడుంది, సన్నగా ఈలలాంటి కూత అంతే. చెవితో విన్నది రాయి.

మెక్‌లారెన్ కేసు ఎలా బయటపడిందో తెలుసా? ఇంగ్లండ్‌లో ఒక జెరాక్స్ షాపు. ఫెరారీ కాగితాలు 780 పేజీలు స్కాన్ చెయ్యమని ఎవరో తెచ్చిచ్చారు, షాపులో పనిచేసే అతను అవేంటో చూసి ఫెరారీకి మెయిల్ పెట్టాడు. నీ రెండో కథ అతని మీద రాయొచ్చు. అది తర్వాత.

ముందు ఇది తిరగరాయి. సింగపూర్ పిట్ లేన్ దగ్గర మొదలెట్టు, మాసా కారుకి గొట్టం వేలాడుతూ ఉంటుంది, పిట్ చివర ఆపుకుని కూర్చుంటాడు, మెకానిక్కులు గరాజ్ నుంచి అంత దూరం పరిగెత్తుకుంటూ వస్తుంటారు, పక్కనుంచి ఒక్కో కారూ వెళ్ళిపోతుంటుంది. అతనికి ఇంకా ఏమీ తెలీదు. 17వ మలుపు సంగతి ఏడాది దాకా తెలీదు. అక్కణ్ణుంచి రాసి పంపు, ఉగాది లోపు పంపితే చాలు. ఫోన్ చేస్తే రాత్రి తొమ్మిది తర్వాత చెయ్యి.

మీ అన్నయ్య