నటుడి జీవితం రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. కేప్‌టౌన్‌లో ఉద్యోగం చేసుకుంటూ, దక్షిణాఫ్రికాలో డచ్చి నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్ భాష నేర్చుకున్నావనీ, ఆ భాషలో తొలితరం వృత్తి నటుల్లో ఒకరైన ఆంద్రే హ్యూగెనెట్ జీవితాన్ని తెలుగులో రాయాలనుకుంటున్నావనీ తెలిసి చాలా సంతోషించాను. నేను ఇన్నేళ్లుగా పత్రికలకు రాసిందంతా నాటకాల వాళ్ల జీవితాలే. అందుకే నువ్వు పంపిన మొదటి పేజీలను ఒకటికి రెండుసార్లు చదివి, నాకు తోచినదంతా దాచుకోకుండా రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. నువ్వు ఆయన మరణంతో మొదలుపెట్టావు. అది తీసెయ్యి తల్లీ. 1961లో తన ప్రాణం తానే తీసుకున్నారని చెబుతారు, నిజమే. ఆ సంగతి చెప్పాల్సిన చోట ఒక వాక్యంలో చెప్పు, చాలు. మొదటి పేజీలోనే చెబితే చదివేవాళ్లు ఆ తర్వాత ప్రతి వేషంలోనూ ఆ చావునే వెతుక్కుంటారు. హామ్లెట్ వేశాడని రాస్తే “అప్పుడే తెలిసింది” అంటారు, ఈడిపస్ వేశాడని రాస్తే “చూశారా” అంటారు. ఆయన మూడు దశాబ్దాలకు పైగా మొహానికి రంగు వేసుకున్న మనిషి. ఆ సాయంత్రాల్లో ఏ ఒక్కటీ 1961 కోసం ఎదురుచూస్తూ గడిచింది కాదు. తెర లేస్తుందా లేదా, హాలు నిండుతుందా, రేపటి ఊరికి బండి కదులుతుందా అన్నవే ఆయన బెంగలు. నువ్వు కూడా ఆ బెంగలతోనే నడవాలి. చావు ఎలా జరిగిందో వర్ణించకు, ఒకే ఒక్క కారణం చూపించకు, “కళకు బలి” లాంటి మాటలు అసలే వద్దు. అటువంటి మాటలు అచ్చులో చూసి కుమిలిపోయిన నటుల కుటుంబాలను నేను ఎరుగుదును.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి అంటావా? బ్లూమ్‌ఫొంటేన్‌లో. ఆయన అక్కడ 1906లో పుట్టారు. అసలు పేరు గెర్హార్డస్ పేట్రస్ బోర్స్ట్‌లాప్, హ్యూగెనెట్ అన్నది నాటకాల్లోకి వచ్చాక పెట్టుకున్న పేరు. ఆయన పుట్టేనాటికి, ఆఫ్రికాన్స్ మాట్లాడే బోయర్లకూ బ్రిటిష్‌వాళ్లకూ జరిగిన యుద్ధం ముగిసి నాలుగేళ్లే అయింది. ఆ ఊరి పక్కనే ఆడవాళ్లనూ పిల్లలనూ బ్రిటిష్ సైన్యం నిర్బంధించిన శిబిరం ఉండేది. అలాంటి శిబిరాల్లో చనిపోయిన వాళ్ల కోసం కట్టిన స్మారకం 1913లో ఆ ఊళ్లోనే వెలిసింది, అప్పటికి ఈ కుర్రవాడికి ఆరేడేళ్లు. ఇంట్లో మాట్లాడే భాషకు బయట గౌరవం లేని రోజులవి. బడిలో, సర్కారు కచేరీలో ఇంగ్లీషు, చర్చిలో డచ్చి. 1875లో పార్ల్ ఊళ్లో కొందరు కూడి ఈ వాడుక భాషకు గ్రంథ గౌరవం కావాలని సంఘం పెట్టుకున్నారు. చివరికి 1925లో అది అధికార భాష అయింది. ఇంచుమించు అదే సమయంలో పాల్ డి గ్రూట్ అనే డచ్చి నటుడు నాటక బృందాన్ని వెంటేసుకుని ఊరూరా ఆఫ్రికాన్స్ నాటకాలు ఆడుతున్నాడు. మన కుర్రవాడు వృత్తి నేర్చుకున్నది ఆ బృందంలోనే.

ఇక్కడ కాస్త ఆగి రాయి, తొందరపడకు. బైబిలు మొత్తం ఆఫ్రికాన్స్‌లో అచ్చయింది 1933లో. అంటే ఆయన వేదిక ఎక్కిన తొలి ఏళ్లలో, ఆదివారం గుడిలో డచ్చి బైబిలు విన్న మనిషే మరో రోజు హాల్లో కూర్చుని, దీపాల వెలుగులో ఒక నటుడి నోట తన ఇంటి మాట విన్నాడు. ఆ కాలపు చర్చి పెద్దలకు నాటకాల వాళ్లంటే పెద్దగా గిట్టేది కాదు కూడా. ఆ ప్రేక్షకుడి మొహం కళ్లకు కట్టేలా రాయగలిగితే నీ పుస్తకంలో సగం రాసేసినట్టే.

అయితే ఆ భాషను తెల్లవాళ్ల సొత్తుగా మాత్రం రాయకు. డచ్చి ఈస్టిండియా కంపెనీ బెంగాల్, మలబారు, కోరమాండల్ తీరాల నుంచి, ఇప్పటి ఇండోనేసియా దీవుల నుంచి మనుషులను బానిసలుగా కేప్‌కు తరలించింది. మన మచిలీపట్నం, భీమునిపట్నం కూడా ఆ కంపెనీ వర్తక స్థావరాలే. ఆ బానిసల వంటిళ్లలో, పొలాల్లో, వాళ్ల పిల్లల నోళ్లలో కూడా ఆఫ్రికాన్స్ పుట్టి పెరిగింది. కేప్‌లోని ముస్లింలు దాన్ని అరబ్బీ లిపిలో రాసుకున్నారు. ఈనాటికీ ఆ భాష మాట్లాడేవాళ్లలో సగానికి పైగా తెల్లవాళ్లు కారు. హ్యూగెనెట్ ఆడిన హాళ్లలో వాళ్లకు చోటు ఎక్కడో నువ్వు వెతకాలి. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

నీ రాతలో నాకు కనిపించిన రెండో లోటు డబ్బు. ఆయన 1930లలో సొంత బృందం పెట్టుకున్నారని ఒక్క ముక్కలో దాటేశావు. నటుడు సొంత బృందం పెట్టుకోవడమంటే మాటలు కాదు. బండి, పెట్రోలు, హాలు అద్దె, తెరలు, దుస్తులు, పదిమంది తిండి, అన్నీ ఆ ఒక్కడి నెత్తిన పడతాయి. పైగా ఆ కాలం చూడు. 1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం, 1933 నాటికి అక్కడ భయంకరమైన కరువు. పేద తెల్లవాళ్ల దుస్థితి మీద కార్నెగీ సంఘం ఐదు సంపుటాల నివేదిక 1932లో వచ్చింది. హ్యూగెనెట్ టికెట్ అమ్మాల్సింది ఆ జనానికే. గొర్రెలు చచ్చిపోయిన రైతు నాటకానికి డబ్బు ఎందుకు పెట్టాడు? ఈ ప్రశ్నకు జవాబు వెతుకు. పాత వేషాల జాబితా ఎంత పొడుగ్గా ఇచ్చినా ఆ జవాబుతో సమానం కాదు.

ఇవి ఎలా తెలుస్తాయి అంటే, కరపత్రాలతో తెలుస్తాయి. నాటకం కరపత్రాన్ని ఎలా చదవాలో చెబుతాను, విను. అందరూ పైన పెద్దక్షరాల్లో ఉన్న పేర్లు చూసి పక్కన పెట్టేస్తారు. నువ్వు కింది నుంచి పైకి చదువు. అట్టడుగున అచ్చాఫీసు పేరు ఉంటుంది. అది ఏ ఊరిదో చూస్తే బృందం ఎక్కడ మకాం పెట్టిందో తెలుస్తుంది. దాని పైన టికెట్లు దొరికే చోటు ఉంటుంది. అది మందుల దుకాణమా, హోటలా, బడి మాస్టారి ఇల్లా అన్నదాన్ని బట్టి ఆ ఊళ్లో నాటకానికి అండ ఎవరో గ్రహించవచ్చు. ఆ పైన టికెట్ల ధరలు. ఎన్ని తరగతులు, కింది తరగతికీ పై తరగతికీ తేడా ఎంత? తర్వాత హాలు పేరు. టౌన్ హాలా, బడి హాలా, గుడికి చెందిన హాలా? చివరగా తేదీ. ఒకే పర్యటనలోని కరపత్రాలు పది దొరికితే తేదీల వరసలో పేర్చి పటం మీద పెట్టు. కరూ మెట్టభూముల్లో ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య దూరాలు చూస్తే రాత్రి నాటకం ముగించి వాళ్లు ఎప్పుడు నిద్రపోయారో నీకే తెలుస్తుంది.

మన పాత నాటకాల కరపత్రాల్లో “స్త్రీలకు ప్రత్యేక స్థలము కలదు” అని ఉండేది. ఆ ఒక్క వాక్యం వల్ల హాల్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఈనాడు మనకు తెలుస్తోంది. అక్కడి కరపత్రంలో ఎవరికి చోటు ఉందని రాశారో, ఎవరి ఊసే ఎత్తలేదో చూడు. 1948లో వర్ణవివక్ష ప్రభుత్వం రాకముందే ఆ దేశంలో హాళ్లు రంగును బట్టి విడిపోయి ఉన్నాయి, తర్వాత అదే చట్టమైంది. 1860 నుంచి చెరకు తోటల కూలికి నాటాల్ వెళ్లిన మన తెలుగువాళ్ల పిల్లలు అప్పటికి డర్బన్‌లో స్థిరపడి ఉన్నారు. వాళ్లలో నాటకాభిమాని ఒకడు హ్యూగెనెట్‌ను చూడాలనుకున్నా, నలుగురితో పాటు ముందు వరసలో కూర్చోగలిగేవాడు కాదు. ఇది రాయకుండా ఆయన గొప్పతనం గురించి ఎంత రాసినా సగం అబద్ధమవుతుంది. అలాగని ఆయనను బోనులో నిలబెట్టకు. ఆయన రాజకీయాల గురించి ఆయనే రాసిన మాట నీ కంటపడితే రాయి, లేకపోతే ఊహించి అంటగట్టకు. పక్కనే జరిగిన చరిత్రను మాత్రం తేదీలతో సహా పెట్టు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చి చంపారు. 1961 మే 31న దేశం రిపబ్లిక్ అయింది. ఆయన పోయింది ఆ ఏడాదే. ఈ రెంటికీ ముడి వెయ్యమనడం లేదు, పక్కపక్కన ఉంచితే చదివేవాళ్లు వాళ్లే ఆలోచించుకుంటారు.

నీ కథలో ఇంకో మనిషి ఉన్నాడు, అతన్ని వదిలిపెట్టకు. నాటక రచయిత ఆథల్ ఫ్యూగార్డ్. 1932లో పుట్టినవాడు, హ్యూగెనెట్ కంటే ఒక తరం చిన్నవాడు. కుర్రతనంలో హ్యూగెనెట్ ఆడిన ఈడిపస్ నాటకంలో చిన్న వేషం వేశాడు. తర్వాత 1958లో జొహన్నెస్‌బర్గ్‌లోని సోఫియాటౌన్ పేట నల్లజాతి నటులతో కలిసి నాటకం వేసి వేరే దారి పట్టాడు. ఎంతోకాలం గడిచాక, 2004లో, ఆ ముసలి నటుడినీ తననూ రెండు పాత్రలుగా చేసి “ఎగ్జిట్స్ అండ్ ఎంట్రెన్సెస్” నాటకం రాశాడు. మొదట లాస్ ఏంజిల్స్‌లో ఆడారు. ఈనాడు ప్రపంచానికి హ్యూగెనెట్ పేరు తెలియడానికి చాలావరకు ఆ నాటకమే కారణం. నువ్వూ దాన్ని చదివే ప్రేమలో పడ్డావని అర్థమైంది, తప్పులేదు. కానీ అందులో ఆయన నోట పలికించినవి ఫ్యూగార్డ్ రాసిన మాటలు. వాటిని హ్యూగెనెట్ అన్నట్టుగా నువ్వు ఉటంకించిన రెండు చోట్లా కొట్టేశాను, చూసుకో.

ఆయన సొంత మాటలు కావాలంటే 1950లో వచ్చిన ఆత్మకథ “అప్లౌస్” ఉంది. నటుల ఆత్మకథలు నేను చాలా చదివాను. అవమానాలు, ఆకలి, తోటి నటుల మీద ప్రేమ, ఇవి రాసిన చోట నటులు అబద్ధం ఆడరు. తేదీలు, వసూళ్లు, జనం విరగబడ్డ రాత్రులు వచ్చిన చోట మాత్రం పత్రికలతో సరిపోల్చుకో. బ్లూమ్‌ఫొంటేన్‌లోనే ఆఫ్రికాన్స్ సాహిత్య మ్యూజియం ఉంది కదా, అందులో రంగస్థలానికి సంబంధించిన సేకరణ కూడా ఉంది. సెలవు పెట్టుకుని వెళ్లు. స్టెల్లెన్‌బాష్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన దక్షిణాఫ్రికా నాటకరంగ విజ్ఞాన సర్వస్వం నీకు పేర్లు, బృందాలు సరిచూసుకోవడానికి పనికొస్తుంది. టీవీ రికార్డుల కోసం మాత్రం వెతుక్కోకు, ఆ దేశానికి టీవీ వచ్చిందే 1976లో.

అందుకే నటనను చూపించడం కష్టం. “మహానటుడు”, “అద్భుత నటన” అన్న మాటలు నీ రాతలో ఒక్కటీ మిగలకూడదు. ఒకే ప్రదర్శన మీద ఇద్దరు ముగ్గురు విమర్శకులు రాసినవి ముందు పెట్టుకుని, వాళ్లు పొగిడిన మాటలు వదిలేసి, ఆయన ఏం చేశాడని రాశారో ఏరుకో. చెయ్యి ఎక్కడ ఎత్తాడు, ఏ మాట దగ్గర ఆగాడు, ఎటు తిరిగి నిలబడ్డాడు. అవి దొరికితే చాలు, పొగడ్త అవసరం ఉండదు.

1947 నాటి హామ్లెట్‌కు మాత్రం ఒక అధ్యాయం పూర్తిగా ఇవ్వు. కూర్ట్సే చేసిన అనువాదాన్ని హ్యూగెనెట్ వేదిక మీదికి తెచ్చి తానే హామ్లెట్ వేశారు. వృత్తి రంగస్థలం మీద ఆఫ్రికాన్స్‌లో షేక్‌స్పియర్ అదే మొదలు. అప్పటికి ఆయనకు నలభయ్యో, నలభై ఒకటో. మన పద్యనాటకంలో కృష్ణుడి వేషం కట్టిన నటుడికి వెనక ఒక పెద్ద వరస ఉంటుంది. ఏ పద్యం ఎవరు ఏ రాగంలో ఎంత దీర్ఘం తీశారో ముందు వరసలో కూర్చున్నవాళ్లకు కంఠతా వచ్చు. అనుకరించినా, ధిక్కరించినా ఎదుట ఒకరు ఉంటారు. ఆఫ్రికాన్స్‌లో హామ్లెట్ స్వగతం పలకడానికి నిలబడ్డ రాత్రి ఆయన ముందు అటువంటివాళ్లు ఎవరూ లేరు. ఆ భాషలో ఆ పంక్తులకు వేగం ఎంతో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆయనే కనిపెట్టాలి. అనువాదం ప్రతి సంపాదించి, ఆ స్వగతాన్ని నువ్వే పైకి చదువు. నీ నోరు ఎక్కడ తడబడుతుందో గుర్తు పెట్టుకుని ఆ సంగతి కూడా రాయి. ఒక విన్నపం: ఆయనను “దక్షిణాఫ్రికా బళ్లారి రాఘవ” అనకు. రాఘవగారి దారి వేరు, చదువు వేరు, ఆయన మసలింది వేరే లోకంలో. మనవాళ్లకు సులువుగా అర్థమవుతుందని అలా అంటే ఇద్దరికీ అన్యాయం చేసినవాళ్లమవుతాం.

అదే 1947లో ప్రభుత్వ సొమ్ముతో జాతీయ నాటక సంస్థ మొదలైంది. అది ఇంగ్లీషులోనూ ఆఫ్రికాన్స్‌లోనూ నాటకాలు ఊరూరా తిప్పింది. సొంత ఖర్చుతో బృందం నడిపినవాడికి ఇది ఎంత మేలు చేసింది, ఎంత పోటీ అయింది, తేల్చాల్సింది నువ్వే. ప్రాంతాలవారీ కళామండళ్లు 1963లో వచ్చాయి. నటులకు నెల జీతాలు, స్థిరమైన వేదికలు వాటితోనే వచ్చాయి. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. ఈ రెండేళ్ల సంగతి చదివినప్పుడు నా మనసు చివుక్కుమంది. తర్వాత 1985లో బ్లూమ్‌ఫొంటేన్‌లో సాండ్ డు ప్లెసీ నాటకశాల కట్టారు. అందులోని చిన్న వేదికకు ఆంద్రే హ్యూగెనెట్ పేరు పెట్టారు.

ఆడవాళ్లను మరిచిపోయావు. ఆ కాలపు వేదిక మీద వేనా నౌడే, మథిల్డే హానెకోమ్, ఆనా నేత్‌లింగ్-పోల్, లిడియా లిండెక్ ఉన్నారు. మథిల్డే తన భర్త హెండ్రిక్‌తో కలిసి బృందం నడుపుతూ పల్లెపల్లెకూ తిరిగింది. ఆనా నేత్‌లింగ్-పోల్ నటన ఒక్కటే కాదు, దర్శకత్వమూ చేసింది. వీళ్లు పక్కన లేనిదే హ్యూగెనెట్ లేరు.

పేర్ల ఉచ్చారణ తెలుగులో రాసేముందు ఆఫ్రికాన్స్ ఇంటి భాషగా మాట్లాడే స్నేహితురాలి చేత ఒకసారి పలికించుకో. మొదటి అధ్యాయం మళ్లీ రాయడానికి తొందరేమీ లేదు. ముందు బ్లూమ్‌ఫొంటేన్ వెళ్లి, 1930ల నాటి ఒక్క పర్యటన తాలూకు కరపత్రాలు ఎన్ని దొరికితే అన్నింటికీ నకళ్లు తీసుకుని, వెనక తేదీ వేసి నాకు పంపు. ఇద్దరం చెరో పక్క కూర్చుని పటం మీద పేరుద్దాం.

ప్రేమతో,
మీ మామయ్య