స్టెమ్ సెల్స్ సంగతి తర్వాత, ముందు ఆ మాత్రలేంటో చూపించండి

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. సీఓపీడీ (గాలి గొట్టాలు సన్నబడి ఆయాసం వచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉందన్నారు. బీడీలు మానేశారు. ఆయాసం వచ్చినప్పుడల్లా ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే చిన్న తెల్ల మాత్రలతో తగ్గుతోందని ఏడాదిగా అవే వాడుతున్నాం. ఈ మధ్య ముఖం ఉబ్బింది, కాళ్లకు వాపు వచ్చింది. స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే ఊపిరితిత్తులు బాగవుతాయని ఒక క్లినిక్‌లో చెప్పారు. నాలుగు లక్షలట. చేయించమంటారా? – ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: వద్దు. పొలం గిలం అమ్మే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. నన్ను కంగారు పెడుతున్నది మీరు మధ్యలో ఒక్క మాటలో చెప్పి వదిలేసిన వాపు.

ఆ మాత్రలు స్టెరాయిడ్ అయ్యుండొచ్చు. చూడకుండా ఖాయంగా చెప్పలేను. అదే అయితే ఏడాది పాటు వాడినందుకు షుగర్, బీపీ పెరగడం, ఎముకలు గుల్లబారడం, కంటిలో శుక్లం లాంటివన్నీ రావచ్చు. అలాగని ఇది చదివి రేపటి నుంచి ఆపేయకండి. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. కాళ్ల వాపుకి గుండె కుడివైపు భారం పడటమూ కారణం కావచ్చు. కాబట్టి ఈ వారంలోనే స్ట్రిప్ చేతిలో పట్టుకుని పల్మనాలజిస్ట్‌కు (ఊపిరితిత్తుల డాక్టర్‌కు) చూపించండి. ఎకో (గుండె స్కాన్), షుగర్, ఆక్సిజన్ చూస్తారు. పెదాలు నీలంగా మారినా, పొద్దున తలనొప్పితో మత్తుగా పడుకుంటున్నా వారం దాకా ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఏడాది ఆగారు, చాలు!

ఇక స్టెమ్ సెల్స్. పొగకు పాడైన గాలి గదుల గోడలను మళ్లీ కట్టే వైద్యం ఇంకా రాలేదు. నరానికి ఎక్కించిన కణాలు ఊపిరితిత్తుల సన్నటి రక్తనాళాల్లో చిక్కుకుని, చాలావరకు కొద్ది రోజుల్లోనే పోతాయి. అమెరికాలో 62 మంది సీఓపీడీ పేషెంట్లపై చేసిన ట్రయల్ (వైద్యం పనిచేస్తుందా లేదా అని చూసే ప్రయోగం) ఫలితాలు 2013లో వచ్చాయి. పెద్దగా హాని కనిపించలేదు గానీ, ఊదే పరీక్షలో మెరుగూ లేదు. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి జబ్బుకు ఇది ట్రయల్‌గా తప్ప చేయకూడదు. ట్రయల్ అయితే పేషెంట్ దగ్గర డబ్బులు తీసుకోరు. నాలుగు లక్షలు అడిగారంటే అర్థం చేసుకోండి.

ఇన్‌హేలర్ ప్రస్తావన మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అలవాటైపోతుందని భయపడి మానేశారా? అలా ఏం కాదు. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఆసుపత్రికి అదీ తీసుకెళ్లి, నాన్నగారు ఎలా పీలుస్తున్నారో డాక్టర్ ముందే చేసి చూపించమనండి.